రంగుల సేటు పడవ

పోయిన నెల పని ఉండి నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లాను. బస్సు దిగి రోడ్డు దాటుతుంటే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ఒకటి కనిపించింది. తెల్ల టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి రెండు చేతులతో పెద్ద రవ్వ చేపను ఎత్తి పట్టుకొని నవ్వుతున్నాడు. పైన ‘అశ్రునివాళి’ అని ఉంది. కింద దశదిన కర్మ తేదీ రాసి ఉంది. ఆయన పోయాడని నాకు అట్లా తెలిసింది.

బాధ కలిగిందని చెబితే అబద్ధమవుతుంది. ముందు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ చేప నాది. నేను పట్టింది. ఫొటో తీసింది కూడా నేనే.

ఆ రోజు చేప పడవలో ఇంకా ఎగిరి పడుతుండగానే ఆయన చేతులు చాపాడు. “సారూ, జర ఇటియ్యి, ఎంత బరువున్నదో సూస్త” అన్నాడు. ఇస్తే, ముందు చేతులకు జేబురుమాలు చుట్టుకున్నాడు. చేపను ముఖం దాకా ఎత్తి, అది ముక్కుకు దగ్గర కాకుండా మెడ వెనక్కి వాల్చి, “ఒక్క ఫొటో కొట్టు” అన్నాడు. కొట్టాను. చేపను నాకు తిరిగి ఇచ్చేసి, జేబులోంచి చిన్న అత్తరు సీసా తీసి అరచేతులకు రాసుకున్నాడు. చేపల వాసన ఆయనకు గిట్టదు. ఫ్లెక్సీలో చేప తోక దగ్గర ఆ రుమాలు కొస ఇప్పటికీ కనిపిస్తోంది.

చేపలు పట్టడమే తన ప్రాణమని బోధన్ అంతా చెప్పుకొని తిరిగిన ఆ మనిషి గాలానికి, నేను ఎరిగినంతలో, ఒక్క చేప కూడా పడలేదు.

బోధన్‌లో ఆయనకు రంగుల దుకాణం ఉండేది. గోడల రంగులు, వార్నీషు, బ్రష్షులు, సున్నం. ఊరంతా రంగుల సేటు అనేది. నేను అప్పుడు అక్కడి బడిలో పాఠాలు చెప్పేవాణ్ని. నాకు చిన్నప్పటి నుంచి గాలం పిచ్చి. ఆదివారం వస్తే చెరుకు తోటల మధ్య బండ్లబాటలో సైకిలు మోటారు తోలుకుంటూ చెరువు కట్టకు పోయేవాణ్ని. చెరువు మత్స్యకారుల సంఘానిదే అయినా, సరదాకు గాలం వేసుకునేవాళ్లను వాళ్లు ఏమీ అనేవాళ్లు కాదు. కట్ట మీద కూర్చుంటే పడేవి చిన్న చేపలు. పెద్దవి చెరువు నడుమ ఉంటాయి. పాతకాలపు తుమ్మ చెట్లు మునిగిపోయి మొద్దులుగా మిగిలిన చోట తిరుగుతాయి. అక్కడికి పోవాలంటే పడవ కావాలి. సేటుకు పడవ ఉంది. మా స్నేహానికి అంతకు మించిన కారణం లేదు. ఆ పడవే లేకపోతే ఆ మనిషి పక్కన ఒక్క పూట కూడా కూర్చునేవాణ్ని కాదు.

అది ఫైబర్ పడవ. ఎక్కడో షికారు పడవలు నడిపేవాళ్లు పాతబడిందని అమ్మేస్తే కొని, ట్రాక్టరు ట్రాలీలో వేసుకొని ఊరేగింపుగా తెచ్చాడు. ముక్కు మీద ‘జలసింహం’ అని పెద్ద అక్షరాలతో రాయించాడు. కట్ట కింది జాలర్లు దాన్ని డబ్బా అనేవాళ్లు. “సేటు డబ్బా దిగిందిరా” అని ఒకరికొకరు కేకేసుకునేవాళ్లు. ఆయనకు వినపడేది. నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. తనను మెచ్చుకుంటున్నారని అనుకునేవాడు.

పడవ ఉన్నవాడికి పని ఉంటుంది. నీళ్లలోంచి తీశాక బోర్లించి ఆరబెట్టాలి. అడుగున పట్టిన పాచిని గీకాలి. రాళ్ల మీద ఈడ్చినప్పుడు వెంట్రుకంత పగులు వచ్చినా, చుట్టూ అరగదీసి, ఫైబర్ గుడ్డ అతికి, బంక పోసి గట్టిపరచాలి. ఇవేమీ ఆయన చేసేవాడు కాదు. సగం నీళ్లలో, సగం ఒడ్డున వదిలేసి ఇంటికి పోయేవాడు. చేసేదల్లా ఒక్కటే. రంగు వేసేవాడు. అదీ దుకాణంలో అమ్ముడుపోక మిగిలిన రంగు. ఒక ఏడు పడవ గులాబి రంగులో ఉంది. ఎవరో ఫంక్షన్ హాలుకని చెప్పి తీసుకుపోని డబ్బాలవి. ఇంకో ఏడు దవాఖాన గోడల పచ్చ. తెడ్డు కట్టే తాడు పీచులు లేస్తే దానికీ రంగు పూశాడు. ఎండాక ఆ తాడు పుల్లలా బిగిసింది. మొదటి ఆదివారమే పుటుక్కున తెగింది. తెడ్డు నీళ్లలో పడింది. ఆయన టోపీ సర్దుకొని, “కంపెనీ తాడు ఖరాబున్నది” అన్నాడు.

“రంగేస్తె అయిపాయె” అనేది ఆయన ఊతపదం. దుకాణం రేకులు కారితే అదే మాట. ఇంట్లో వంటగది గోడ చెమ్మ పట్టి పొక్కులు లేచింది. వెనక స్నానాలగది పైపు కారుతోందని ఆయన భార్య చెప్పింది. నేను అక్కడే చాయ్ తాగుతున్నాను.

“పైపోణ్ని పిలువురి. గోడ నానుతున్నది” అంది ఆమె.

“గోడది గోడకెరుక. రేపు లేత నీలం ఏస్త సూడు. ఆకాశం దిగినట్టుంటది” అన్నాడు.

వేశాడు. రెండు వానలకే ఆకాశం పెచ్చులు పెచ్చులుగా ఊడి పప్పు గిన్నెలో పడింది. ఆమె పొయ్యి మీది గిన్నెలన్నిటికీ మూతలు పెట్టుకుంది. ఒక్క మాట అనలేదు. ఆమె అనకపోవడం ఆయన చెవికి మెచ్చుకోలులా వినిపించేది.

గాలం వేసే తీరు ఇంకా చోద్యం. నిజామాబాద్‌కు పోయి ఖరీదైన గాలపు కర్ర, మెరిసే రీలు కొనుక్కొచ్చాడు. తెడ్డు ముట్టేవాడు కాదు. “నేను దిశ సూస్త, నువ్వు ఎయ్యి” అని తెడ్లు నాకు ఇచ్చేవాడు. పల్లి చెక్క, గోధుమపిండి కలిపి నేను ఎర ఉండలు చేస్తే, అందులో అత్తరు చుక్కలు వేసేవాడు. “చేపకు గూడ మనసుంటది సారూ. మంచి వాసనొస్తె ఎవ్వలైన దగ్గరికొస్తరు” అనేవాడు. ఆ వాసనకు చేపలు ఏ దిక్కుకు పోయేవో గాని, మా దిక్కుకు రావడం మాత్రం మానేసేవి. నా ఎర నేను వేరుగా పొట్లం కట్టుకొని తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాను.

గాలం నీళ్లలో పడిన మరుక్షణం నుంచి ఓపిక గురించి ఉపన్యాసం మొదలయ్యేది. “చేపలు వట్టుడంటె ఓపిక సారూ. తపస్సు. ఇయ్యాల్టి పోరగాండ్లకు గదే లేదు” అంటూ, ఆ మాట ముగియకముందే రీలు తిప్పి గాలం పైకి తీసి చూసుకునేవాడు. మళ్లీ విసిరేవాడు. మళ్లీ తీసేవాడు. నీళ్లవైపు వంగి “ఆజా బేటా, ఆజా” అని చేపలను ఉర్దూలో బుజ్జగించేవాడు. దారానికి కట్టి నీళ్ల మీద తేలేసిన నా బెండు మునిగితే “మన చేప పడ్డది” అనేవాడు. నాది తప్పిపోతే “నీ చేప పోయింది” అనేవాడు.

ఒక వానాకాలం చివర చెరువు నిండుగా ఉన్నప్పుడు, మోర్తాడ్ నుంచి ఆయన బామ్మర్ది వచ్చాడు. భార్యకు తమ్ముడు. పసుపు పండించే రైతు. భారీ మనిషి, తక్కువ మాటలు. బామ్మర్ది ముందు తన వైభవం చూపించుకోవాలని సేటుకు బుద్ధి పుట్టింది. పసుపు రైతు వచ్చాడు కాబట్టి పడవకు ముందురోజే పసుపు రంగు వేయించాడు. నేను కట్ట దగ్గరికి పోయేసరికి పడవ బోర్లించి ఉంది. అడుగున, నడుమ గీతకు పక్కగా, రంగు కింద జానెడు పగులు స్పష్టంగా కనిపిస్తోంది. వేలితో నొక్కితే లోపలికి దిగింది.

“సేటూ, ఇది నిలువు పగులు. నిజామాబాద్‌ల నీళ్ల ట్యాంకులు అతికేటాయన ఉన్నడు. ఆయనతోని చేయించి ఎక్కుదాం. ఇయ్యాల వద్దు” అన్నాను.

“రంగుల దుకాణమోనికి నువ్వు చెప్తవా? రెండు పూతలు ఏసిన” అన్నాడు.

“నలుగురం ఎక్కుతే బరువైతది.”

“సారుకు పానం తీపి ఎక్కువ” అని బామ్మర్దికి కన్ను గీటాడు.

భార్య కట్ట మీద టిఫిన్ డబ్బాలు పట్టుకొని నిలబడి ఉంది. ఆమె ఎన్నడూ పడవ ఎక్కలేదు. ఆ రోజు తమ్ముడి కోసం వచ్చింది. ఆమె ఎక్కుతుంటే నేను దిగిపోలేకపోయాను. నేను కాకపోతే తెడ్డు వేసేవాడు లేడు మరి.

తుమ్మ మొద్దుల దాకా బాగానే పోయాం. ఆయన వెనక భాగంలో నిలబడి గాలం విసిరాడు. బామ్మర్దికి ఓపిక గురించి చెప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆమె చీర కుచ్చిళ్లు పైకి తీసుకుంది.

“నీళ్లొస్తున్నయి” అంది.

“గవి పొద్దటి మంచు నీళ్లు” అన్నాడు ఆయన, వెనక్కి చూడకుండానే.

“మంచు గాదు, కింది నుంచి ఊరుతున్నయి.”

“నీ కాళ్లే తడున్నయి. నువ్వే ఎక్కంగ తెచ్చినవు.”

బామ్మర్ది వంగి పడవ అడుగున చెయ్యి పెట్టాడు. చెయ్యి పసుపు రంగుతో పైకి వచ్చింది. “బావా, మళ్లుదాం” అన్నాడు. అంతే అన్నాడు. నేను పడవను ఒడ్డువైపు తిప్పి తెడ్లు అందుకున్నాను.

సరిగ్గా అప్పుడే సేటు గాలపు కర్ర విల్లులా వంగింది.

“పడ్డది! పడ్డది!” అని అరిచాడు. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అన్నేళ్ల అత్తరు, అన్నేళ్ల ఉపన్యాసం, అన్నేళ్ల టోపీ అంతా ఆ ఒక్క అరుపులో ఉంది. “సారూ, తెడ్డు ఆపు! దారం తెగుతది!”

నేను ఆపలేదు. నీళ్లు చీలమండలు దాటాయి. ఆమె టిఫిన్ డబ్బాలోని పూరీలు నీళ్లలో పారేసి, ఆ డబ్బాతోనే తోడి పోస్తోంది. తమ్ముడు దోసిళ్లతో తోడుతున్నాడు. నేను బలమంతా పెట్టి తెడ్లు లాగుతున్నా పడవ జరగడం లేదు. వెనక నుంచి ఎవరో పట్టి ఆపినట్టే ఉంది. ఆయన కర్రను కడుపుకు ఆనించుకొని, కాళ్లు ఎడంగా పెట్టి, వెనక్కి వాలి రీలు తిప్పుతున్నాడు.

“ఇడిసిపెట్టు బావా!” బామ్మర్ది గొంతు చించుకున్నాడు.

“ఇడువ! పానం పోయినా ఇడువ!”

“మా పానాలు గూడ ఉన్నయి గద పడవల!” అని నేను కేకేశాను. ఆయన వినలేదు. పడవ వెనక అంచు నీళ్లను తాకుతోంది.

అప్పుడు ఆమె డబ్బా కింద పెట్టింది. నా ఎర పొట్లం పక్కన చిన్న చాకు ఉంది. అది తీసుకుంది. మోకాళ్ల మీద నడిచినట్టు వెనక్కి పోయి, ఒక చేత్తో దారం పట్టుకొని, ఒక్క క్షణం అట్లాగే ఆగింది. తర్వాత కోసేసింది.

పడవ ముందుకు దూకింది. ఆయన వెల్లకిలా మా మీద పడ్డాడు. ఒడ్డు దగ్గరైంది గాని, దరికి చేరకముందే పడవ నిండి మా కింద నుంచి జారిపోయింది. అక్కడ మనిషి లోతు నీళ్లు. అడుగున తీగలు, నాచు. అక్కా తమ్ముళ్లిద్దరూ మోర్తాడ్ బావుల్లో ఈత నేర్చినవాళ్లు. నాకూ వచ్చు. జలసింహం యజమాని ఒక్కడే రెండు చేతులూ పైకెత్తి, “నాకు ఈత రాదు! నాకు ఈత రాదే!” అని భార్యను పట్టుకొని ఆమెను కూడా ముంచబోయాడు. ఆమె మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. తమ్ముడు వచ్చి ఆయన చేతులు విడిపించాడు. ఆమె ఆయన వెనక చేరి, చొక్కా కాలరు పట్టుకొని తుంగ దాకా ఈడ్చుకొచ్చింది. మిగతాది ముగ్గురం కలిసి లాగాం.

కట్ట మీద పడి అందరం రొప్పుతున్నాం. అందరి బట్టలకూ పచ్చి పసుపు రంగు. ఆమె దగ్గుతూ, నోట్లోంచి నాచు తీసుకుంటోంది. ఆయన లేచి కూర్చొని, చెరువు దిక్కు చూసి, మొట్టమొదట అన్న మాట ఇది:

“బంగారమసొంటి చేపను పోగొట్టినవ్ గదనే.”

బామ్మర్ది లేచి నిలబడ్డాడు. “బావా, అక్క గది కొయ్యకుంటె ఇప్పుడు నీ పీనుగును ఎతుకుతుంటిమి” అన్నాడు. ఇంకేదో చేసేవాడే. ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

సిగ్గుతో ఆ మనిషి కొన్నాళ్లు చెరువు మాట ఎత్తడనుకున్నాను. ఆయనను నేను సరిగ్గా అర్థం చేసుకోలేదు. వారం తిరగకముందే చాయ్ హోటల్లో ఆ కథ కొత్త రంగుతో బయటికొచ్చింది. అందులో పడవకు పగులు లేదు. చేపే తోకతో కొట్టి పగలగొట్టింది. దారం కోసింది ఆయనే. “చేతిల చేప, ఎదురుంగ కుటుంబం. ఏం జేస్త? కోసేసిన. చేపదేమున్నది, మనుషులు ముఖ్యం” అని కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు. చందూర్ నుంచి, వర్ని నుంచి రంగులు కొనడానికి వచ్చినవాళ్లకు కూడా చెప్పేవాడు. చెప్పిన కొద్దీ చేప పెరిగేది.

ఒకసారి నా ఎదుటే చెప్పాడు. నేను ఊరుకోలేదు. “సేటూ, దారం కోసింది అక్క గద. నేను పక్కనే ఉన్న” అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. “సారు అప్పుడు పానం పోతదని మస్తు బుగులు మీదుండె పాపం. ఏం యాదికుంటది?” అన్నాడు. హోటలంతా నన్ను చూసి నవ్వింది.

జాలర్లు పడవను పైకి తీసిచ్చారు. దానికి మళ్లీ రంగు వేశాడని, ఈసారి ఎరుపని విన్నాను. చూడడానికి పోలేదు. ఆ మనిషి ముఖం చూడడం మానేశాను. తర్వాత నాకు నిజామాబాద్ బదిలీ అయింది.

ఇన్నేళ్ల తర్వాత ఫ్లెక్సీ చూసి, దశదిన కర్మకు మళ్లీ బోధన్ వెళ్లాను. ఆమె కోసం వెళ్లాను. ఇంటి ముందు షామియానా వేశారు. భోజనాల దగ్గర ఆయన అన్న కొడుకు ఎవరో గట్టిగా చెబుతున్నాడు. “మా చిన్నబాపు అసొంటోడు ఎవ్వడు లేడు. ఇంట్లోళ్ల కోసం మనిషంత చేపను ఇడిసిపెట్టిండు. తన చేతులతోని దారం కోసుకున్నడు.” చుట్టూ ఉన్నవాళ్లు నాలుకలు చప్పరించారు. మోర్తాడ్ బామ్మర్ది అక్కడే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. విస్తరి వైపు చూస్తూ అన్నం కలుపుకున్నాడు.

లేచి పెరటి వైపు వెళ్లాను. ఆమె వెనక అరుగు మీద ఒక్కతే కూర్చొని ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి, “సారూ, తిన్నరా?” అంది.

పరామర్శ మాటలేవో చెప్పాను. తర్వాత ఆగలేక అనేశాను. “అక్కా, బయట ఏమంటున్నరో ఇంటున్నరా? ఇయ్యాల గూడ గదే ముచ్చట. మీరు ఒక్కసారన్న చెప్పొద్దా, కోసింది నేనని?”

ఆమె కొంగుతో అరుగు మీద లేని దుమ్ము తుడిచింది.

“ఎవలు కోస్తేంది సారూ, ఆ కొసకు చేపనే లేకుండె.”

నాకు అర్థం కాలేదు.

“కోసెటప్పుడు దారం నా చేతుల వట్టుకున్న గద. చేప ఉంటె గుంజుతది, అదురుతది. పానమున్నది తెలువదా? గది బండ లెక్క బిగుసుకొని ఉండె. నీళ్లల్ల తుమ్మ మొద్దుకు తట్టుకున్నది గాలం. గందుకే మీరు ఎంత ఏసినా పడవ జరగలే.”

ఆ మధ్యాహ్నమంతా నా కళ్ల ముందు తిరిగింది. వంగిన కర్ర. కదలని పడవ. చేప పడితే దారం అటూ ఇటూ పరుగు తీస్తుంది. ఆ రోజు దారం ఒక్క చోట నుంచి జరగలేదు.

“ఆయనకు చెప్పలేదా?” అన్నాను.

“చెప్దామనుకున్న. కట్ట మీద గంత మాటన్నప్పుడు నోటి దాక వచ్చింది” అంది. “ఇంటికొచ్చినంక సూస్తె, మంచంల పండుకొని చిన్న పోరగాని లెక్క ఏడుస్తున్నడు సారూ. చచ్చిపోతుంటినని గాదు. చేప పోయిందని. బతుకుల ఒక్కటే పడ్డది, గది గూడ లేదని నేనెట్ల చెప్పాలె?”

“మిమ్ముల ముంచబోయిండు అక్కా ఆ మనిషి.”

“ముంచబోయిండు” అంది ఆమె. కాదనలేదు. “శాన సార్లు.”

ఇంతలో లోపలి నుంచి ఆ అన్న కొడుకు తల బయటికి పెట్టాడు. వెనక ఇంకో ఇద్దరు చుట్టాలు ఉన్నారు. వాళ్ల మధ్య ఏదో వాదం నడుస్తున్నట్టుంది. “చిన్నమ్మా, వీళ్లు నమ్ముతలేరు. నువ్వుంటివి గద పడవల. ఎంతుండె చేప?” అని అడిగాడు.

ఆమె నా వైపు చూడలేదు. అరుగు మీద చెయ్యి ఊని మెల్లగా లేచి నిలబడింది.

“సూడనీకె పైకి రాలే బిడ్డా” అంది. “గుంజుడైతె మస్తు గుంజింది.”